వంటింటి పొయ్యి – అంగ పరిశీలన

తెలుగు బోధించువానికి పొయ్యితో పనియేమని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు, తమ పొలిమేర దాటి వచ్చినానని కినుక వహించవచ్చును కూడ. అయినను ఈ వ్యాసం వ్రాయక తప్పలేదు. ఇందుకు కారణం ఒక నిందారోపణ. ఆ నింద మోపినవాడను నేనే.

మా ఇంట గ్యాసు సిలిండరు మార్చిన ప్రతిసారీ అమ్మీ గోడమీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఒక సున్న చుడుతుంది. పాత క్యాలెండర్లను పారవేయదు. బియ్యపు డబ్బా వెనుక చుట్టలుగా చుట్టి ఉంచుతుంది. అందువల్ల మా ఇంటి ఇంధన చరిత్ర అంతా లిఖితపూర్వకంగా ఉన్నదని చెప్పవచ్చును. ఏండ్ల తరబడి 40 రోజులు వచ్చిన సిలిండరు 37కు, 35కు, చివరకు 33 రోజులకు దిగినది. ఇంటి మనుషులు పెరగలేదు, వంట మారలేదు. కనుక సిలిండరులోనే తక్కువ నింపుతున్నారని, లేదా త్రోవలో ఎవరో తీస్తున్నారని నేను నిర్ణయించుకొన్నాను. సిలిండరు తెచ్చిన కుర్రవానిని వీథిలో, పదిమంది వినగా, నోటికి వచ్చినట్లు అన్నాను. అతడు మారు పలుకక బండిలోని త్రాసు తీసి సిలిండరును వ్రేలాడదీసినాడు. సిలిండరు మెడ దగ్గర ఖాళీ బరువు చెక్కబడి ఉంటుంది. మొత్తంలోనుండి దానిని తీసివేయగా సరిగా 14.2 కిలోలు మిగిలినది. "చూసుకోండి సార్" అన్నాడు. నీ త్రాసునే నమ్మనన్నాను. సాయంకాలం బియ్యం కొట్టు కాటాపై తూచినాను. అక్కడను అంతే వచ్చినది.

గ్యాసు తగ్గలేదు గనుక అది ఎక్కడికి పోతున్నదో పొయ్యినే అడుగవలసి వచ్చినది. ఆ వెదుకులాటలో నేర్చుకొన్నది ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

ముందుగా రెండు గుణములను వేరుపరచి చెప్పుకొనవలెను. వేసిన ఇంధనంలోని వేడిలో ఎంత భాగం గిన్నెలోని పదార్థానికి చేరుచున్నదో అది పొయ్యి దక్షత. పిలిచినప్పుడు పలికి, ఆపినప్పుడు ఆగి, ఏండ్ల తరబడి మోసం చేయకుండుట విశ్వసనీయత. మా అమ్మీ మొదటిదానిని 'కలిసి వచ్చుట' అనును, రెండవదానిని 'మొరాయించకుండుట' అనును. శాస్త్ర పరిభాషకన్న ఈ మాటలే నాకు స్పష్టంగా తోచును. ఈ రెండు గుణములు ఒకే అంగంలో ఉండవు. ఒక్కొక్కప్పుడు ఒకటి పెరిగిన రెండవది తరుగును. పొయ్యి కొనునపుడు మనం పొరబడేది ఇక్కడనే.

మూడు రాళ్ళ పొయ్యిని చూడుడు. అందులో చెడిపోవుటకు ఏమియు లేదు. రాయి మొరాయించదు. కాని వేసిన కట్టెలోని వేడిలో ఇంచుమించు పదోవంతే గిన్నెకు చేరును. మిగిలినది గాలిపాలు, పొగపాలు. పొగ వంట చేయువారి కంటిపాలు కూడ. సంస్కృతంలో 'చుల్లి', దానినుండి పుట్టినదే ఉర్దూలోని 'చూల్హా', తెలుగులో పొయ్యి. పేరు ఏదైనను ఊదుగొట్టం పట్టుకొని, ఉర్దూలో ఫుంక్నీ పట్టుకొని, కన్నీరు కార్చిన తల్లుల అనుభవం ఒక్కటే. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టంతో కూడిన మట్టిపొయ్యిని రూపొందించి, పొగలేని వంటిళ్ళను గురించి 1953లో ఒక చిన్న పుస్తకమే ప్రకటించినారు. మన నగరంలో జరిగిన ఈ కృషి మన విద్యార్థులలో ఎందరికి తెలియును? ఆ పొయ్యిలో కొత్త అంగములు చేరినవి: పొగగొట్టం, గాలిని అదుపు చేయు తలుపు, ఒక మంటపై ఒకటికి మించిన గిన్నెలు. దక్షతకు అవకాశం పెరిగినది. కాని పొగగొట్టంలో మసి పేరుకొన్నచో, మట్టిలో బీట పడినచో అంతా మొదటికి వచ్చును. 1983లో మొదలై 2002 వరకు దేశమంతట నడిచిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమానికి ఎదురైన కష్టములలో ఇది ముఖ్యమైనది. పొయ్యి కట్టి ఇచ్చినవారు ఉన్నారు. పగిలినపుడు వచ్చి చూచినవారు తక్కువ.

కిరసనాయిలు స్టవ్వులలో ఈ వైరుధ్యం ఇంకను స్పష్టం. వత్తి స్టవ్వులో అంగములు కొద్ది: తొట్టి, వత్తులు, చిల్లుల గొట్టములు. వత్తి మాడినపుడు కత్తిరించుట, అరిగినపుడు మార్చుట తప్ప వేరు సేవ కోరదు. పంపు స్టవ్వు జాతి వేరు. స్వీడను దేశస్థుడు లింద్క్విస్ట్ 1892లో రూపొందించిన ప్రైమస్ స్టవ్వు దానికి మూలపురుషుడు. ఇందులో నూనెకు బదులు నూనె ఆవిరి మండును. అందువల్ల మంట తీవ్రం, మసి తక్కువ. కాని ఆ ఆవిరి కొరకు ముందు స్పిరిటు పోసి తలను వేడి చేయవలెను. పంపులోని తోలు వాషరు ఎండకుండ నూనె రాయవలెను. నాజిలు రంధ్రం మూసుకొన్నపుడు సన్నని పిన్నుతో పొడువవలెను. తొట్టిలో పీడనం ఉండుట వలన, సీలు చెడిన స్టవ్వు ప్రాణాంతకం. నా చిన్ననాట మా ఇంట ఉన్నది పంపు స్టవ్వే. బుస్సుమను ఆ ధ్వని వినబడుచుండగా చదువుకొన్నవాడను. పిన్ను పొడుచుట నా పని. ఆ పని చేసినందుకు తొలి టీ నాకు ఇచ్చేవారు. ఈ పిన్నును విద్యార్థులు మరువకుందురు గాక. దీనితో ముందు పని ఉన్నది.

ఇక గ్యాసు స్టవ్వు. దుకాణంలో నిలబడినచో కంటికి కనబడేవి మూడు: పైన గాజు పలక, ముందర తిప్పు మరలు, అగ్గిపుల్ల లేకనే వెలిగించు ఏర్పాటు. దక్షతతో ఈ మూడింటిలో ఒకదానికైనను సంబంధం లేదు. గాజు తుడుచుటకు సులభమైనది. గట్టిపరచిన గాజే అయినను, వేడిగా నున్నపుడు చన్నీరు పడుటకో, బరువైన డేగిసా కుదుపునకో పగులవచ్చును; పగిలిన పొయ్యి మొత్తం మూలబడును. ఉక్కు పలకకు సొట్ట పడును గాని పొయ్యి నిలువదు. ఇక నిప్పురవ్వ ఏర్పాటు. స్ఫటికాన్ని నొక్కగా విద్యుత్తు పుట్టుట 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న విశేషం. అది మన వంటింట గంజి పొంగి పడగానే మూగబోవును. అటువంటి స్టవ్వు కొన్నవారి ఇండ్లలో కూడ లైటరు మేకునకు వ్రేలాడుచుండుట నేను గమనించినాను.

అసలు పని చేయు అంగములు పలక క్రింద ఉన్నవి. వాటిలో మొదటిది జెట్టు: ఇత్తడి మర చివర మిల్లీమీటరు కన్న సన్నని రంధ్రం. రెగ్యులేటరు గుండా చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల స్వల్ప పీడనంతో వచ్చు గ్యాసు ఈ రంధ్రంనుండి వేగంగా చిమ్ముకొని వచ్చి, తన వెంట చుట్టుప్రక్కల గాలిని లాగుకొనిపోవును. గాలి, గ్యాసు కలియునది దాని తరువాతి గొట్టంలో. మన రసాయన ప్రయోగశాలలోని బున్సెన్ బర్నరు 1855నాటిది, సూత్రం అదే. మన సిలిండరులోని ప్రొపేను పూర్తిగా మండుటకు తన ఘనపరిమాణానికి 24 రెట్లు, బ్యూటేను 31 రెట్లు గాలి కావలెను. కొంత గాలి గొట్టంలోనే కలియును, మిగిలినది మంట చుట్టునుండి వచ్చును. మంట నీలంగా, కురచగా, నిలకడగా ఉన్నచో లెక్క కుదిరినట్లు. పచ్చబారి, పొడవుగా ఊగుచున్నచో గాలి చాలలేదని అర్థం. అప్పుడు కాలని బొగ్గు మసియై గిన్నె అడుగున పట్టును, ఆ మసి వేడిని గిన్నెలోనికి పోనీయదు.

బర్నరు తల విషయమై రెండు పక్షములు గలవు. పోతఇనుము చౌక, బరువైనది. కాని గంజి, ఉప్పునీరు పడగా పడగా త్రుప్పు పట్టి చిల్లులు మూసుకొనును. ఇత్తడి ఖరీదు, త్రుప్పు పట్టదు, చిల్లులు సమంగా తొలువవచ్చును, మంట చుట్టూ ఒకే ఎత్తున నిలుచును. నేను ఇత్తడి పక్షమే. ఐతే పసుపుపచ్చగా మెరిసినదెల్ల ఇత్తడి కాదు: దుకాణానికి చిన్న అయస్కాంతం తీసుకొనిపోవుడు, అంటుకొన్నచో లోపల ఇనుమే. ఇంకొక సంగతి, గిన్నె నిలుచు కాళ్ళ ఎత్తు మంటకు తగినట్లు ఉండవలెను. మంట మొన గిన్నె అడుగును తాకి, అంచు దాటి పైకి పాకకుండ ఉండుట సరియైన కొలత. పెద్ద బర్నరుపై చిన్న టీ గిన్నె పెట్టువారు వంటింటి గోడను వేడి చేసుకొనుచున్నారన్నమాట.

ఇంటి గ్యాసు స్టవ్వుకు కనీసం 68 శాతం దక్షత ఉండవలెనని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4246 విధించుచున్నది. దీని అర్థం లెక్క వేసి చూతము. కిలో గ్యాసులో దాదాపు 10,900 కిలోకేలరీల వేడి ఉన్నది. 30 డిగ్రీల నీరు ఒక లీటరు మరుగుటకు 70 కిలోకేలరీలు కావలెను. వేడి అంతయు నీటికే చేరినచో ఆరున్నర గ్రాముల గ్యాసు చాలును. 68 శాతం చొప్పున 9.4 గ్రాములు పట్టును. మా అమ్మీ సున్నల ప్రకారం 40 రోజులు 33కు దిగినవి. కొన్ననాడు స్టవ్వు 68 శాతం ఇచ్చినదనుకొన్నచో, ఇప్పుడు 56కు జారినదని లెక్క తేలును. లీటరు నీటికి 11.5 గ్రాములు. ఒక్క లీటరులో రెండు గ్రాముల తేడా ఏపాటిదని అనిపించును. సిలిండరులో అది ఏడు రోజులై కూర్చున్నది.

ఈ లెక్కతో బజారులో స్టవ్వులు బాగుచేయు ఉస్తాదు దగ్గరకు పోయినాను. ఆయన నా లెక్కను వినలేదు. గిన్నె తెమ్మన్నాడు. గిన్నె అడుగు చూచి, "జెట్టు ఎవరు పొడిచినారు?" అని అడిగినాడు.

పొడిచినవాడను నేనే. మంట మందగించినట్లు తోచినపుడెల్ల, చిన్ననాటి పంపు స్టవ్వు అలవాటు చొప్పున, అమ్మీ కుట్టుసూది తీసి జెట్టులో పొడిచి త్రిప్పేవాడను. పంపు స్టవ్వుకు దాని రంధ్రానికి తగిన సన్నని తీగ పిన్ను వేరే ఉండేది. సూది అట్లు కాదు; ఉక్కు సూది మొదలు లావు, జెట్టు మెత్తని ఇత్తడి. పొడిచినకొద్దీ రంధ్రం పెద్దదగును. రంధ్రం వ్యాసం పదోవంతు పెరిగినచో వైశాల్యం 21 శాతం పెరుగును, గ్యాసు ఆ మేరకు ఎక్కువ చిమ్మును. ఎక్కువ చిమ్మిన మాత్రాన నష్టం లేదు, వంట త్వరగా ముగియును గదా అని వాదించవచ్చును. నేనును వాదించినాను. కాని గాలి ఆ నిష్పత్తిలో పెరుగదు. పెరిగిన గ్యాసు పచ్చని మంటయై గిన్నె ప్రక్కలకు పాకును, మసియై అడుగున కూర్చుండును. నేను బాగుచేసినానని మురిసిన ప్రతిసారీ ఒక రోజు గ్యాసును వీథిలోనికి వదలినాను. కొత్త జెట్టు వెల ఆ పూట నేను త్రాగిన టీకి సరిపోలిక.

ఇంతవరకు దక్షత. ఉస్తాదు స్టవ్వును ఎత్తుచు రబ్బరు ట్యూబును వ్రేళ్ళతో వంచి చూపినాడు. స్టవ్వు కాలికి తగులుచుండు చోట, వెలుపలి నారింజరంగు పొర బీటలు వారి లోపలి ఉక్కుతీగ కనబడుచున్నది. దానిపై అచ్చువేసిన సంవత్సరం చూడగా, మార్చవలసిన ఐదేండ్ల గడువు దాటి రెండేండ్లు అయినది. నేను ఏడు రోజుల గ్యాసు కొరకు వీథిలో కేకలు వేసినాను. ఇంటి ప్రాణములు వ్రేలాడుచున్న మూర చారెడు ట్యూబును ఏడేండ్లలో ఒక్కసారియైనను వంగి చూడలేదు.

ఈ ట్యూబు దక్షతకు చేయు సాయం సున్న. విశ్వసనీయత అంతా దానిలోను, రెగ్యులేటరులోను, సిలిండరు నోటిలోని చిన్న రబ్బరు ఉంగరంలోను ఉన్నది. మామూలు రబ్బరు గొట్టమును ఎలుక కొరుకగలదు. తీగ అల్లిన ట్యూబును కొరికి తెంపలేదు. రెగ్యులేటరు లోపలి పలుచని పొర సిలిండరులోని ఎక్కువ పీడనమును అణచి సమంగా పంపును. చెడినచో ఇంట విప్పి బాగుచేయరాదు, మార్చవలసినదే. రబ్బరు ఉంగరం జారిపోయిన సిలిండరుకు రెగ్యులేటరు తగిలించగానే సన్నని బుస వినబడును, వాసన వచ్చును. ఆ వాసన గ్యాసు స్వభావం కాదు; మనకు తెలియుటకై ఇథైల్ మెర్కాప్టన్ అను పదార్థమును కలుపుదురు. ఈ గ్యాసు గాలికన్న బరువైనది గనుక నేలబారున ప్రాకి మూలలలో నిలుచును. వాసన వచ్చినపుడు దీపపు మీట గాని ఫ్యాను మీట గాని తాకక, రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరువవలెను. కారుట ఎక్కడనో కనుగొనుటకు సబ్బునీటి నురుగు చాలును. అగ్గిపుల్లతో వెదికినవారు ఉన్నారు. ఆ కథలు ఇక్కడ వద్దు.

మంట ఆరినను గ్యాసు వచ్చుచుండుట మన స్టవ్వులలోని పెద్ద లోపం. పాలు పొంగి మంటను ఆర్పివేయును, మర తెరచియే ఉండును. దీనికి విరుగుడు ఉన్నది. రెండు వేరు లోహముల కొనలు కలిపి ఒకవైపు వేడిచేసిన స్వల్పవిద్యుత్తు పుట్టునని జర్మను శాస్త్రజ్ఞుడు సీబెక్ 1821లో గుర్తించినాడు. మంట ప్రక్కన అట్టి కొన నిలిపినచో, మంట ఉన్నంతసేపు ఆ విద్యుత్తు ఒక చిన్న అయస్కాంతమునకు బలమిచ్చి గ్యాసు దారిని తెరచి ఉంచును. మంట ఆరగానే దారి మూసుకొనును. కొన్ని స్టవ్వులకు ఈ ఏర్పాటు వచ్చుచున్నది. గాజు పలకకు ఇచ్చు డబ్బు దీనికి ఇచ్చిన మేలు.

అమెరికాలో ఉన్న మన పాత విద్యార్థులకు ఈ అంగం పరిచితమే. అక్కడ చలికాలంలో ఇంటినంతా వెచ్చబరచు గ్యాసు కొలిమి, వారి మాటలో ఫర్నేసు, సాధారణంగా నేలమాళిగలోనో ఒక మూల గదిలోనో ఉండును. పాత ఫర్నేసులలో ఒక చిరుదీపం రేయింబవళ్ళు వెలుగుచుండేది. దానిని కాచినది ఈ లోహపు కొనయే. కరెంటు లేకున్నను ఆ దీపం ఆరేది కాదు, కాని ఏడాది పొడవునా ఊరక గ్యాసు త్రాగేది. తరువాత దాని స్థానంలో, కావలసినపుడు మాత్రం ఎర్రగా కాలి మంటను రగిలించు పలుక వచ్చినది. పొదుపు పెరిగినది, కాని మొదట వాడిన సిలికాన్ కార్బైడు పలుకలు పెళుసు, తరచు విరిగేవి. సిలికాన్ నైట్రైడు వచ్చిన పిమ్మట ఆ బాధ తగ్గినది. ఫర్నేసు దక్షత 78 శాతమునకు తగ్గరాదని అక్కడ 1992 నుండి చట్టం అమలు చేసి, తరువాత ఆ హద్దును పెంచినారు. పొగలోని నీటియావిరిని చల్లబరచి ఆ వేడిని కూడ రాబట్టు యంత్రములు 90 శాతం దాటినవి. అయినను మంటకు, ఇంటి గాలికి నడుమ నుండు లోహపు గోడ బీట వారినచో, వాసన లేని కార్బన్ మోనాక్సైడు ఇంట ప్రవేశింపవచ్చును. 90 శాతం దక్షత అట్టి బీటను మూయలేదు గదా.

మా స్టవ్వుకు కొత్త జెట్టు, కొత్త ట్యూబు అమర్చిన తరువాత మొదటి సిలిండరు 38 రోజులు, రెండవది 40 రోజులు వచ్చినవి. ఆ మొదటి సిలిండరు తెచ్చినది ఆ కుర్రవాడే. నన్ను చూడగానే అడుగక మునుపే త్రాసు తీసినాడు. అక్కరలేదన్నాను. "తూచుకోండి సార్" అని తూచి చూపినాడు. లోపలికి పిలిచి, తప్పు నాదేనని, జెట్టు సంగతి అంతా చెప్పినాను. అతడు ఊఁ కొట్టి, సిలిండరు మూత తీసి రబ్బరు ఉంగరం ఉన్నదో లేదో వ్రేలితో తడిమి చూచి, వెళ్ళిపోయినాడు. నిందించినది వీథిలో, క్షమాపణ చెప్పినది వంటింటిలో. ఆ భేదం అతడు గమనించకపోయి ఉండడు. తరువాత ఒకనాడు బియ్యం కొట్టు దగ్గర నలుగురు ఉండగా ఎదురుపడినపుడు మళ్ళీ చెప్పినాను. "పోనీయండి సార్" అన్నాడు గాని ఈసారి నిలబడి విన్నాడు.

అమ్మీ ఇప్పుడు క్యాలెండరుపై సున్నలతో పాటు, ట్యూబు మార్చవలసిన సంవత్సరమును కూడ ఒక మూల వ్రాయించినది. సూదిని నాకు అందకుండ దాచినది. పాత జెట్టు, కొత్త జెట్టు ఒకటి నా బల్ల సొరుగులో ప్రక్కప్రక్కన ఉన్నవి. వట్టి కంటికి రెంటిలోను రంధ్రం ఒకటే. జంతుశాస్త్ర శాఖవారి భూతద్దం క్రింద పెట్టినపుడు పాతదాని అంచు గీసుకొనిపోయి, గుండ్రదనం చెడి కనబడును. చూడగోరు విద్యార్థులు మధ్యాహ్న విరామంలో తెలుగు శాఖకు రావచ్చును.